పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ రీలోడింగ్: పాత ప్రెస్ చాలదా, కొత్తది కొనాలా?

ప్రశ్న

డాలస్ శివారు నుంచి ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆయన హ్యూస్టన్‌లో పెరిగారు, అమెరికా పౌరుడు. పెళ్ళికి ముందు తన తూటాలు తానే రీలోడ్ చేసుకునేవారు, అంటే కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి డొల్లల్లో (కేసుల్లో) కొత్తగా ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్ (మందు), ముందు భాగంలో దూసుకెళ్ళే బుల్లెట్ పెట్టి మళ్ళీ తూటాలు చేసుకునేవారు. తర్వాత ఊరు మారడం, ఉద్యోగం, పిల్లలు... సామానంతా అట్టపెట్టెల్లోకి, పెట్టెలు గరాజ్‌లోకి వెళ్ళిపోయాయి. పన్నెండేళ్ళు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలని ఉంది. పెట్టెల్లో ఉన్నవి: ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ సింగిల్ స్టేజ్ ప్రెస్ (హ్యాండిల్ దింపి కేసును డైలోకి నొక్కే యంత్రం, ఒకసారికి ఒక్క పనే చేస్తుంది), .308 వించెస్టర్ రైఫిల్ తూటాల డైలు (కేసు ఆకారం సరిచేసి బుల్లెట్ కూర్చోబెట్టే అచ్చులు), .38 స్పెషల్ రివాల్వర్ తూటాల కార్బైడ్ డైలు, బీమ్ త్రాసు, పాత మాన్యువల్ (ఏ తూటాకు ఎంత పౌడర్ పోయాలో చెప్పే పుస్తకం), పద్నాలుగు వందల ప్రైమర్లు, మూడు డబ్బాల పౌడర్. డబ్బాల్లో ఒకదాని లేబుల్ ఊడిపోయింది.

నెలకు 9 ఎంఎం పిస్టల్ తూటాలు మూడు వందలు, .38 వంద, .308 అరవై కాలుస్తారట. బడ్జెట్ వెయ్యి డాలర్లు. అన్ని పనులూ ఒకేసారి చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్, డిల్లాన్ ఎక్స్‌ఎల్ 750 కొనాలని మనసు లాగుతోంది. ఈలోగా షూటింగ్ రేంజ్‌లో పరిచయస్తుడొకరు పాత డిల్లాన్ స్క్వేర్ డీల్ బి ప్రెస్‌ను 400 డాలర్లకు ఇస్తానంటున్నారు. భార్య మాత్రం, ఆరేళ్ళ పాప, మూడేళ్ళ బాబు తిరిగే ఇంట్లో ఈ పని వద్దంటున్నారు. "ఆవిడది అనవసర భయం అనిపిస్తుంది, కానీ గొడవ పడాలని లేదు" అని రాశారు. హెచ్-1బి మీద వచ్చి వీళ్ళింట్లోనే ఉంటున్న బావమరిది సగం ఖర్చు పెట్టి, పనిలో చేయి వేస్తానంటున్నాడు. రేంజ్ మిత్రులు ఇద్దరు "మాక్కూడా చేసి పెట్టు, డబ్బులిస్తాం" అంటున్నారు. ఏ ప్రెస్ తీసుకోవాలన్నది ఆయన ప్రశ్న.

సమాధానం

మీరు ప్రెస్ గురించి అడిగారు. ఉత్తరం చదివితే దానికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటి కనిపించింది. మీ బావమరిది సంగతి. అది చట్టానికి సంబంధించినది, పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి వీల్లేనిది కాబట్టి దాన్నే ముందు చెబుతాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ మందుగుండు గానీ ఉండకూడదు. హెచ్-1బి, ఎఫ్-1 రెండూ ఇందులోకే వస్తాయి. మందుగుండు అంటే తయారైన తూటా ఒక్కటే అనుకుంటారు చాలామంది. చట్టంలోని నిర్వచనంలో ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ అన్నీ ఉన్నాయి. అంటే అతను సగం డబ్బు పెట్టి ప్రైమర్ల పెట్టె కొన్నా, మీరు ఆఫీసుకు వెళ్ళినప్పుడు ప్రెస్ బిగించిన బెంచ్ దగ్గర కూర్చుని కేసుల్లో ప్రైమర్లు ఎక్కించినా నేరం కిందికి రావచ్చు. తెలిసి అందించినందుకు మీ మీదా కేసు పెట్టొచ్చు. 2022లో గరిష్ఠ శిక్షను పదిహేనేళ్ళకు పెంచారు. శిక్ష దాకా వెళ్ళకపోయినా, ఆ ఆరోపణ ఒక్కటి చాలు గ్రీన్ కార్డ్ ఆశ చిక్కుల్లో పడటానికి. దీనికి మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. అతనికి నిజంగా ఆసక్తి ఉంటే, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడి, లైసెన్స్ చేతికి వచ్చాకే బెంచ్ దగ్గరికి రానివ్వండి. అది ఎప్పుడూ చెల్లుబాటులో ఉండేలా చూసుకోవాల్సింది కూడా అతనే. ఈలోగా, అతను అదే ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి సామాను తాళంలో ఉండాలి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. సగం ఖర్చు పెడతానన్నది ప్రేమతోనే అయినా సున్నితంగా వద్దనండి.

రేంజ్ మిత్రుల విషయం కూడా ఇక్కడే ముగిద్దాం. మీ సొంతానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే తయారీదారు లైసెన్స్, టైప్ 06 కావాలి. "ఖర్చు మేము పెట్టుకుంటాం" అనేది నాలుగైదు నెలలు సాగితే వ్యాపారమా కాదా అన్న వాదన మొదలవుతుంది. పైగా మీరు చేసిన తూటా ఎదుటివాళ్ళ తుపాకీలో ఏదైనా చేస్తే బాధ్యత మీదే. వాళ్ళకే నేర్పండి, వాళ్ళ సామానుతో వాళ్ళు చేసుకుంటారు.

ఇక మీ శ్రీమతి భయం. దాన్ని అనవసరం అన్నారు. మీ ఉత్తరంలో ఆవిడవి మూడు అభ్యంతరాలు కనిపించాయి: ఇల్లు పేలుతుందని, పిల్లలకు ఏమైనా అవుతుందని, మీరు రాత్రంతా గరాజ్‌లోనే ఉండిపోతారని. మొదటిదానికి ఊరట చెప్పొచ్చు. స్మోక్‌లెస్ పౌడర్ బాంబులా పేలదు, గట్టిగా మూసి లేనప్పుడు వేగంగా మండుతుంది, అంతే. అందుకే దాన్ని గట్టి ఇనప బీరువాలోనో గన్ సేఫ్‌లోనో పెట్టకూడదు. వాయువు బయటికి పోయే దారి లేకపోతేనే ప్రమాదం. అసలు డబ్బాల్లోనే ఉంచి, చెక్క పెట్టెలో, ఎండ తగలని చల్లని చోట పెట్టాలి. అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో అసలు డబ్బాల్లో 20 పౌండ్ల దాకా ఉంచుకోవచ్చు. అంతకు మించి 50 పౌండ్ల దాకా అయితే కనీసం అంగుళం మందం చెక్క పెట్టె ఉండాలి. ప్రైమర్లు పది వేల దాకా. మీ అవసరానికి రెండు మూడు పౌండ్లు, రెండు వేల ప్రైమర్లు చాలు. ప్రైమర్ల విషయంలో ఒకే ఒక్క కఠిన నియమం ఉంది. వాటిని అమ్మిన ట్రేలలోంచి తీసి సీసాలో పోయకూడదు. ట్రేలో ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. సీసాలో కుప్పగా ఉన్నప్పుడు ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

రెండో అభ్యంతరం మాత్రం పూర్తిగా న్యాయమైనది. పిల్లలకు అసలు ప్రమాదం సీసం. ప్రైమర్‌లో సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చిన కేసు లోపల ఉండే మసిలో అదే ఉంటుంది. ఆ కేసుల్ని మొక్కజొన్న బెండు పొడి వేసి టంబ్లర్‌లో (కేసులు శుభ్రంచేసే యంత్రంలో) తిప్పితే, మూత తెరిచిన క్షణంలో లేచే సన్నటి బూడిదరంగు ధూళి మీ చేతుల మీద, చొక్కా మీద, ఆ పక్కనే ఆనించిన పిల్లల సైకిల్ మీద వాలుతుంది. చిన్నపిల్లల రక్తంలో సీసానికి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో పెట్టిన హెచ్చరిక స్థాయి డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. అంత కొద్ది మొత్తమే లెక్కలోకి వస్తుంది. మూడేళ్ళ బాబు నేల మీద ఆడి వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడన్న సంగతీ ఆవిడకు బాగా తెలుసు.

దీన్ని అదుపు చేయొచ్చు. పొడిగా తిప్పే టంబ్లర్ మానేసి, నీళ్ళు, సబ్బు, స్టీల్ పిన్నులతో తిప్పే రకం వాడండి. ధూళి నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళు వంటింటి సింక్‌లో పోయకండి. వాటిని ఎలా పారేయాలో మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాన్ని అడగండి. బెంచ్‌ను ఊడవకండి, ఊదకండి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. పని అవగానే చన్నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కోండి. గరాజ్‌లో తొడుక్కున్న చొక్కాను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. గుమ్మం బయట చెప్పులు విడిచే అలవాటు మనకెలాగూ ఉంది. రేంజ్‌కి వేసుకెళ్ళే బూట్లను మాత్రం ఆ వరసలో పెట్టకుండా కారు డిక్కీలో వేరేగా ఉంచండి. ఇండోర్ రేంజ్‌కి వెళ్తుంటే, బెంచ్ కంటే అదే పెద్ద మూలం. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి మీకూ పిల్లలకూ రక్తపరీక్ష చేయించండి. ఆ అంకెలు ఆవిడకు చూపించండి. మాటలకంటే వాటిని ఆవిడ ఎక్కువ నమ్ముతారు.

చోటు విషయంలో రెండు దారులున్నాయి. గరాజ్ అయితే ధూళి ఇంట్లోకి రాదు, కానీ టెక్సాస్ ఎండాకాలంలో లోపలి వేడి పౌడర్‌ను పాడుచేస్తుంది, ప్రెస్ తుప్పు పడుతుంది. లోపలి గది అయితే ఏసీ ఉంటుంది, కానీ కార్పెట్ ఉంటే రాలిన ప్రైమర్ దొరకదు, సీసం పోదు. మధ్యేమార్గం: బెంచ్ గరాజ్‌లో, కింద రబ్బరు చాప. పౌడర్, ప్రైమర్లు మాత్రం ఇంటి లోపల పైఅర అల్మరాలో తాళం వేసి, రెండూ వేర్వేరు పెట్టెల్లో. పనికి కూర్చున్నప్పుడు ఆ పూటకు కావలసినంతే బయటికి తీసుకువెళ్ళండి. మూడో అభ్యంతరానికి, అంటే మీ సమయానికి, ప్రెస్‌తో నేరుగా సంబంధం ఉంది. అక్కడికే వస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. ధరలు నెలనెలా మారతాయి, ఇవి దరిదాపు అంకెలే. 9 ఎంఎం ప్రాక్టీస్ తూటా పెద్దమొత్తంలో కొంటే 23 నుంచి 28 సెంట్లు. మీరే చేసుకుంటే ప్రైమర్ 7, పౌడర్ 2 లేదా 3, బుల్లెట్ 10, అంటే 20 సెంట్ల దగ్గర తేలుతుంది. నెలకు మూడు వందలకు మిగిలేది పదిహేను డాలర్ల చుట్టూ. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు ముప్పై డాలర్ల చుట్టూ దొరికేవి. మీ మనసులో ఇంకా ఆ ధరే ఉన్నట్టుంది. ఇప్పుడు అది రెట్టింపు దాటింది. వెయ్యి డాలర్ల ప్రెస్ ఖర్చు 9 ఎంఎం మీద రాబట్టడానికి ఐదేళ్ళ పైన పడుతుంది. అదే పోటీలకు వాడే (మ్యాచ్) .308 తూటా కొంటే డాలరున్నర పైమాట. చేసుకుంటే బుల్లెట్, ప్రైమర్, పౌడర్, కేసు అరుగుదల కలిపి డాలరుకు కాస్త తక్కువ. నెలకు అరవైకి ముప్పై డాలర్లు మిగులుతాయి, పైగా మీ రైఫిల్‌కు సరిపడే తూటా వస్తుంది. .38 స్పెషల్ కొంటే 45 సెంట్ల చుట్టూ, చేసుకుంటే దాదాపు సగం. అంటే డబ్బు మిగిలే రెండు రకాలకూ డైలు, ప్రెస్ మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మిగలని రకం కోసం మీరు వెయ్యి డాలర్లు పెట్టబోతున్నారు. డబ్బు ఒక్కటే కారణం కాదు, చేసే పనిలో సంతోషం ఉందంటే నేను కాదనను. కానీ ఆ సంతోషానికి ఎంత పెడుతున్నారో తెలిసి పెట్టండి.

ఇప్పుడు ప్రెస్‌లు. రాక్ చకర్‌లో ఒకేసారి ఒక డై, హ్యాండిల్ ఒక్కసారి దింపితే ఒక్క పని. మూడు వందల 9 ఎంఎంకి కేసును అసలు కొలతకు నొక్కడం (సైజింగ్), దాని నోరు కాస్త వెడల్పు చేయడం, బుల్లెట్ కూర్చోబెట్టడం, నోరు బిగించడం (క్రింప్) కలిపి పన్నెండు వందల సార్లు హ్యాండిల్ దింపాలి. నెలకు ఒక ఆదివారం మొత్తం పోతుంది. ఆ విసుగే మిమ్మల్ని ప్రోగ్రెసివ్ వైపు లాగుతోంది. అది సహజం. అయితే సింగిల్ స్టేజ్‌కు ఉన్న గొప్ప గుణం మీ ఇంటికి ఇప్పుడు చాలా అవసరం. యాభై కేసుల్లోనూ పౌడర్ పోసి చెక్క బ్లాక్‌లో నిలబెట్టి, టార్చి వేసి పైనుంచి చూస్తే, యాభైలోనూ పౌడర్ మట్టం ఒకేలా ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక దాంట్లో ఎత్తుగా ఉంటే అది రెండుసార్లు పోసినది. నల్లగా అడుగు కనిపిస్తే అసలు పోయనిది. .38 స్పెషల్‌లో ఈ చూపు ప్రాణం కాపాడుతుంది. ఆ కేసు బ్లాక్ పౌడర్ రోజుల్లో రూపుదిద్దుకుంది, లోపల చోటు ఎక్కువ. నేటి పౌడర్ అడుగున కొద్దిగానే ఉంటుంది, రెండు కొలతలు పోసినా పొంగి బయటికి రాదు. అంతేకాదు, ఒక దశ ముగిశాక పాప వచ్చి పిలిస్తే లేచి వెళ్ళిపోవచ్చు. తిరిగొచ్చాక ఎక్కడ ఆగామన్న అనుమానం ఉండదు.

ప్రోగ్రెసివ్‌లో అన్ని దశలూ ఒకేసారి జరుగుతాయి. హ్యాండిల్ దింపిన ప్రతిసారీ ఒక తూటా పూర్తవుతుంది, గంటకు నాలుగైదు వందలు వస్తాయి. మధ్యలో ఆగితేనే చిక్కు. డిల్లాన్ ఆర్‌ఎల్ 550లో నాలుగు స్టేషన్లు, కేసులు నిలబడే పళ్ళెం (షెల్ ప్లేట్) మీ వేలితో తిప్పాలి. ఎవరో పిలిచినప్పుడు తిప్పడం మరిచి మళ్ళీ హ్యాండిల్ దింపితే అదే కేసులో రెండోసారి పౌడర్ పడుతుంది. ఎక్స్‌ఎల్ 750లో ఐదు స్టేషన్లు, ప్లేట్ దానంతట అదే తిరుగుతుంది, పౌడర్ మట్టం చూసి హెచ్చరించే డై పెట్టుకోవడానికి ఒక స్టేషన్ మిగులుతుంది. ఆ రకంగా అదే సురక్షితం. కానీ ప్రైమర్ ఇరుక్కుని హ్యాండిల్‌ను సగం దాకా దింపి ఎత్తి, మళ్ళీ దింపినప్పుడు ఏ కేసులో ఎంత పడిందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. ప్లేట్ మీది కేసులన్నీ తీసేసి, పౌడర్ వెనక్కి పోసి, మళ్ళీ మొదటినుంచి. మూడేళ్ళ పిల్లవాడున్న ఇంట్లో గంటసేపు ఎవరూ పిలవకుండా ఉండే సమయం మీకు వారానికి ఎన్నిసార్లు దొరుకుతుంది? రాత్రి పదిన్నరకు నిద్రకళ్ళతో దొరికే గంటను ఇందులో కలపకండి.

పాత స్క్వేర్ డీల్ బి గురించి. మంచి యంత్రమే, అందులో కూడా ప్లేట్ దానంతట అదే తిరుగుతుంది. కానీ అది పిస్టల్ తూటాలకు మాత్రమే. పైగా దానికి డిల్లాన్ ప్రత్యేకంగా చేసిన డైలే పడతాయి. మిగతా చాలా ప్రెస్‌లకు పనికొచ్చే 7/8-14 మర (థ్రెడ్) ఉన్న డైలు అందులో ఎక్కవు. మీ .38 డైలు పనికిరావు, .308 అసలు సాధ్యం కాదు. అమ్మే ఆయన దగ్గర 9 ఎంఎం డైలు, షెల్ ప్లేట్ కూడా ఉండి, ముందు ముందు ఈ ఒక్క రకానికే వాడతానని మీకు గట్టిగా అనిపిస్తేనే ఆ 400 డాలర్లకు అర్థం ఉంటుంది.

మీరు రాయని దారి ఒకటి ఉంది: లీ క్లాసిక్ టరెట్. పైన నాలుగు డైల తిరిగే తల. ఒకే కేసు ప్రెస్‌లో ఉంటుంది, హ్యాండిల్ నాలుగుసార్లు దింపితే తూటా పూర్తి. ఒకే కేసు మీ కళ్ళముందే ఉంటుంది కాబట్టి బుల్లెట్ పెట్టే ముందు లోపలికి చూడొచ్చు. గంటకు నూటయాభై దాకా నెమ్మదిగా వస్తాయి. తిప్పే కడ్డీ తీసేస్తే మామూలు సింగిల్ స్టేజ్‌లా పనిచేస్తుంది. డైలు బిగించిన తలను అలాగే ఉంచి, రకం మారినప్పుడు తల మార్చుకుంటే సెట్టింగ్ చెదరదు. రెండు వందల డాలర్ల చుట్టూ దొరుకుతుంది. డిల్లాన్ ఉక్కుదనం ఇందులో ఉండదు, .308 సైజింగ్‌కు రాక్ చకరే మేలు. కానీ మూడు వందల 9 ఎంఎం రెండు సాయంత్రాల పని అవుతుంది, మధ్యలో లేచినా ప్రమాదం తక్కువ.

మీ స్థానంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది: మూడు నెలలు రాక్ చకర్ మీద .38, .308 మాత్రమే చేయండి, 9 ఎంఎం కొనుక్కోండి. చేతికి పాత పని తిరిగొస్తుంది, ఇంట్లో ఎంత సమయం దొరుకుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత కూడా 9 ఎంఎం చేయాలనిపిస్తే టరెట్. పిల్లలు పెద్దయి, మీరు పోటీలకు దిగి, నెలకు వెయ్యి దాటితే అప్పుడు 750. ఇప్పుడే 750 కొంటే తప్పని కాదు. ప్రెస్‌కే ఏడెనిమిది వందలు, డైలు, గట్టి బెంచ్ కలిస్తే మీ వెయ్యి దాటుతుందని, నేర్చుకునే రోజుల్లో సింగిల్ స్టేజ్ కంటే ఎక్కువ ఏకాగ్రత అడుగుతుందని తెలిసి కొనండి. డిల్లాన్‌కు వాడినా మంచి ధరే వస్తుంది. నచ్చకపోతే అమ్మేసుకున్నా నష్టం పెద్దగా ఉండదు.

ఇక పెట్టెలు తెరిచినప్పుడు. లేబుల్ లేని పౌడర్‌ను వాసన, రంగు చూసి పోల్చే ప్రయత్నం వద్దు. పారేయాల్సిందే. ఎలా పారేయాలో స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్ చెబుతుంది. లేబుల్ ఉన్న రెండింటి మూత తెరవండి. ఈథర్, ఆల్కహాల్ లాంటి వాసన ఉంటే సాధారణం. ముక్కు మండించే ఘాటు వాసన, ఎర్రటి పొడి, డబ్బా లోపల తుప్పు, గోధుమరంగు ఆవిరి, వీటిలో ఏది కనిపించినా చెడిపోయినట్టే. పన్నెండు టెక్సాస్ వేసవులు గరాజ్‌లో గడిపిన పౌడర్ అది. బాగానే కనిపించినా కొత్త డబ్బా కొనడమే నా సలహా. పాత దాన్ని కొత్తదానితో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ప్రైమర్లు తడి తగలకుండా అసలు పెట్టెల్లో ఉంటే పనిచేస్తాయి, కానీ ప్రాక్టీస్‌కే వాడండి. తుపాకీ పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి తెరవండి.

మాన్యువల్ కొత్తది కొనండి. పౌడర్ అదే పేరుతో ఉన్నా, కొలిచే పద్ధతులు మారి, అంకెలు మారాయి. పేర్లు దగ్గరగా ఉన్నవాటితో జాగ్రత్త. హెచ్4350, ఐఎంఆర్ 4350 ఒకటి కాదు. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. మాన్యువల్‌లోని ప్రారంభ కొలతతోనే మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. అలాగని ఇంకా తగ్గిస్తే ఇంకా క్షేమం అనుకోవద్దు. హెచ్110 లాంటి పౌడర్‌ను అచ్చులో ఇచ్చినదానికంటే మరీ తగ్గిస్తే బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోవచ్చు. చప్పుడు మెల్లగా, "టప్" మన్నట్టు వస్తే ఆగండి. గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడకుండా రెండో తూటా కాల్చకండి.

బీమ్ త్రాసును పారేయకండి. చవక డిజిటల్ త్రాసు ఫ్యాన్ గాలికి, వేడికి అంకెలు మారుస్తుంది. బీమ్ కదలకుండా చదునుగా పెట్టి, చెక్ వెయిట్లతో (బరువు తెలిసిన చిన్న తూకపు రాళ్ళతో) సరిచూసి, పదేసి తూటాలకు ఒకసారి పౌడర్ తూచండి. ప్రెస్ రామ్‌కు (పైకీ కిందికీ కదిలే కడ్డీకి) తుప్పు ఉంటే సన్నటి స్టీల్ ఊల్, నూనెతో రుద్ది, పలచగా నూనె రాయండి. అంతే చాలు.

.308 కేసుల్లో మాత్రం ఓపిక పెట్టండి. కార్బైడ్ డైలతో .38కి నూనె అక్కర్లేదు, .308కి లూబ్ (కేసుకు పూసే జారుడు పూత) తప్పదు. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే కేసు భుజం (పైన సన్నబడే చోటు) దగ్గర సొట్ట పడుతుంది. సైజ్ చేశాక పొడవు 2.015 అంగుళాలు దాటితే 2.005కి కోయండి. ప్రతి పాత కేసులోకీ కొన వంచిన పేపర్ క్లిప్ పంపి, లోపలి గోడ మీద అడుగు నుంచి పైకి లాగండి. అడుగుకు కాస్త పైన చిన్న గాడిలో కొన తట్టుకుంటే గోడ పలచబడిందన్నమాట. బయట అదే చోట మెరిసే గీత కనిపిస్తుంది. ఆ కేసు పక్కన పడేయండి. సైన్యం వాడిన 7.62 ఇత్తడి కేసు కలిసిందేమో చూడండి. దాని గోడ మందం, లోపల చోటు తక్కువ, అదే కొలతకు పీడనం పెరుగుతుంది. ప్రైమర్ చుట్టూ నొక్కిన రింగు ఉంటే అది తీసేయందే కొత్త ప్రైమర్ ఎక్కదు.

9 ఎంఎం మొదలుపెట్టే రోజు వస్తే రెండు పరీక్షలు గుర్తుంచుకోండి. పిస్టల్ గొట్టం విడదీసి తూటా అందులో వేస్తే టక్కున దిగి, వేలితో తిప్పితే తిరిగి, బోర్లిస్తే దానంతట అదే జారి పడాలి. తర్వాత బుల్లెట్ కొనను బెంచ్‌కు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి, పొడవు ముందూ వెనకా కొలవండి. బుల్లెట్ లోపలికి జరిగితే ఆ సెట్టింగ్‌తో ఒక్కటి కూడా చేయకండి. ఆ చిన్న కేసులో కొద్దిపాటి జరుగుడుకే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. క్రింప్ తర్వాత కేసు నోటి దగ్గర వ్యాసం 0.378 నుంచి 0.380 అంగుళాల మధ్య ఉంటే బాగున్నట్టు.

ఇంకొకటి, ఇండియా వెళ్ళే ముందు. రేంజ్‌కి వాడిన బ్యాగ్‌ను విమానానికి వాడకండి, పాత లాప్‌టాప్ బ్యాగ్ అయినా సరే జేబులన్నీ తిరగేసి చూడండి. మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం, 1959 కింద కేసు అవుతుంది. ఖాళీ కేసు అయినా గంటల తరబడి సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు. పౌడర్, ప్రైమర్లు అమెరికాలో కూడా ఏ విమానంలోనూ, ఏ సామానులోనూ పంపడానికి వీల్లేదు. ఇండియాలోని షూటర్ మిత్రులెవరైనా అడిగినా, లైసెన్స్ లేకుండా తూటాలు చేయడం అక్కడ నేరమని చెప్పి ఆపేయండి.

ఈ వారం చేయగలిగినవి: బావమరిదితో మాట్లాడటం, కొత్త మాన్యువల్‌కు ఆర్డర్ పెట్టడం, గరాజ్‌లోని పౌడర్ డబ్బాలు బయటికి తీసి చూడటం. ప్రెస్ కొనుగోలుకు తొందర లేదు. స్క్వేర్ డీల్ బి ఆయన ఆగకపోతే వేరేవాళ్ళకు అమ్ముకోనివ్వండి.